బ్రిటిష్ అశ్వికదళంలో సాదా సిపాయి ఎంతదాకా ఎదగగలిగేవాడు?

మీరు మూడు విషయాలు అడిగారు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ అశ్వికదళంలో చేరిన మామూలు సిపాయి జీవితం ఎలా ఉండేది, యుద్ధంలో సాహసం చూపిస్తే ఆఫీసరు అయ్యేవాడా, సర్వీసు ముగిశాక ఏమయ్యేవాడు. రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని చుట్టూ ఉన్న అపోహ తొలగితే మిగతా రెండూ వాటంతట అవే తేలిపోతాయి. సాహసానికి పతకం వచ్చేది. ఆఫీసరు కావాలంటే మాత్రం చదువు రావాలి, లెక్కలు రావాలి, అన్నిటికీ మించి చేతిలో డబ్బుండాలి.

క్రిమియా యుద్ధంలో రష్యన్ ఫిరంగుల మీదికి దూసుకెళ్లిన బ్రిటిష్ అశ్వికదళం, లైట్ బ్రిగేడ్ గురించి చదివానన్నారు కాబట్టి అక్కడి మనిషినే తీసుకుందాం. జాన్ బెరీమన్ 1843లో 17వ లాన్సర్లలో, అంటే బల్లెం పట్టే ఒక అశ్విక రెజిమెంటులో చేరాడు. 1854 అక్టోబరు 25న, బాలక్లావాలో రష్యన్ ఫిరంగుల మీదికి ఆ దళం దూసుకెళ్లిన రోజుకు, అతను ట్రూప్ సార్జెంట్ మేజర్, అంటే ఆఫీసరు హోదాకు కిందే. గుర్రం దెబ్బ తిని కూలిపోయింది. కాలికి గాయమై కదల్లేని స్థితిలో ఉన్న కెప్టెన్ వెబ్ దగ్గర బెరీమన్ ఆగిపోయాడు. నన్ను వదిలేసి నీ ప్రాణం కాపాడుకో అని ఆ కెప్టెన్ పదేపదే చెప్పినా వినలేదు. సార్జెంట్ ఫారెల్ వచ్చాక, గుండ్ల వర్షంలోనే ఆయన్ను మోసుకుని ఫిరంగుల పరిధి దాటించారు. వెబ్ తర్వాత చనిపోయాడు. బెరీమన్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది. అంతకన్నా పెద్ద సాహస పతకం బ్రిటిష్ సైన్యంలో లేదు.

మరి ఆఫీసరు ఎప్పుడయ్యాడు? 1864లో. అంటే బాలక్లావా తర్వాత పదేళ్లకు, సైన్యంలో చేరిన 21 ఏళ్లకు. అది కూడా క్వార్టర్‌మాస్టర్‌గా. రేషన్లు, బట్టలు, బస ఏర్పాట్లు చూసే ఉద్యోగం అది. 1879లో జూలూ యుద్ధానికి వెళ్లినప్పుడు కూడా అతను క్వార్టర్‌మాస్టరే. గౌరవ మేజర్ హోదా 1883లో దక్కింది. కింది నుంచి వచ్చినవాళ్లకు ఉండే దారి సాధారణంగా ఇదే. క్వార్టర్‌మాస్టర్, లేదంటే కొత్తవాళ్లకు స్వారీ నేర్పే రైడింగ్ మాస్టర్. ఒక ట్రూప్‌నో స్క్వాడ్రన్‌నో, అంటే రెజిమెంటులోని ఒక దళాన్ని, యుద్ధంలో నడిపించే అవకాశం దాదాపు ఉండేది కాదు.

ఎందుకంటే 1871 దాకా ఆ పదవులు డబ్బు పెట్టి కొనుక్కునేవి. అశ్వికదళంలో అన్నిటికన్నా చిన్న ఆఫీసరు పదవి కార్నెట్. దాని అధికారిక ధర 840 పౌండ్లు. కెప్టెన్ పదవి 3,225. లెఫ్టినెంట్ కర్నల్ 6,175. బయట పలికే ధర ఇంకా ఎక్కువ. అశ్వికదళంలో ప్రైవేట్, అంటే అట్టడుగు హోదా సిపాయి, జీతం 1870లలో రోజుకు ఒక షిల్లింగు రెండు పెన్నీలు, అంటే ఏడాదికి 21 పౌండ్ల చిల్లర. ఒక్క పెన్నీ కూడా ఖర్చు పెట్టకుండా దాచినా, కార్నెట్ అనే ఆ అట్టడుగు మెట్టు కొనడానికే 39 ఏళ్లు పట్టేది. బాలక్లావాలో లైట్ బ్రిగేడ్‌ను నడిపించిన లార్డ్ కార్డిగన్ కూడా పదవులు కొనుక్కుంటూ పైకి వచ్చినవాడే.

1871లో యుద్ధ శాఖ మంత్రి కార్డ్‌వెల్ ఈ కొనుగోలు పద్ధతిని రద్దు చేయించాడు. దానితో తలుపులు తెరుచుకున్నాయని చాలామంది రాస్తుంటారు. చట్టం వరకు అది నిజమే. ఆచరణలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే విలియం రాబర్ట్‌సన్ సర్వీసు చూడాలి. బ్రిటిష్ సైన్యంలో ప్రైవేట్‌గా చేరి అన్నిటికన్నా పై హోదా అయిన ఫీల్డ్ మార్షల్ దాకా వెళ్లిన ఒకే ఒక్క మనిషి అతను. అందరూ అతని చివరి పదవుల గురించే మాట్లాడతారు. నాకు ముఖ్యంగా అనిపించేది మొదటి పదకొండేళ్లు. మీరు అడిగిన మామూలు సిపాయి జీవితమంతా అందులోనే ఉంది.

1860 జనవరిలో లింకన్‌షైర్‌లోని వెల్బర్న్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి దర్జీ, ఊళ్లో పోస్టాఫీసు కూడా చూసుకునేవాడు. రాబర్ట్‌సన్ 13 ఏళ్లకే బడి మానేసి ఇళ్లలో పనికి కుదిరాడు. కొన్నాళ్లు డీన్ పార్క్ అనే బంగళాలో నౌకరుగా చేశాడు. ఆ బంగళా యజమానురాలు ఎవరో కాదు, పైన చెప్పిన కార్డిగన్ భార్య. అప్పటికే ఆమె భర్త పోయాడు. 1877 నవంబరులో ఆ కొలువు వదిలేసి 16వ లాన్సర్లలో చేరిపోయాడు. 18 నిండాలన్నది నిబంధన. అతనికి ఇంకా మూడు నెలలు తక్కువ. కాగితంలో మాత్రం 18 దాటినట్టు రాశారు. 12 ఏళ్ల ఒప్పందం.

కబురు తెలిసిన తల్లి రాసిన ఉత్తరం చదివితే ఆ రోజుల్లో సైన్యానికి ఎంత చెడ్డపేరు ఉండేదో అర్థమవుతుంది. మన ఇంటికి నువ్వే ఆశ, చదవడం రాయడం వచ్చిన కుర్రాడికి చేయడానికి ఎన్ని పనులు లేవు, సైన్యం సోమరుల అడ్డా, సిగ్గుతో ఈ సంగతి ఎవరికీ చెప్పను, నిన్ను ఎర్రకోటులో చూసే కన్నా పాతిపెట్టడమే నయం అని రాసింది. మిగతా లాన్సర్ రెజిమెంట్లు నీలం వేసుకునేవి, 16వ దళానిది నిజంగానే ఎర్రకోటు. కన్నతల్లి చేత అంత మాట అనిపించిన ఉద్యోగం అది. పనిలేనివాళ్లు, తాగుబోతులు, పోలీసుల కళ్లు తప్పించుకోవాలనుకునేవాళ్లు సైన్యంలో చేరతారని జనం నమ్మేవారు. యూనిఫాంలో ఉన్న సిపాయిని కొన్ని మంచి హోటళ్లలో లోపలికే రానిచ్చేవారు కాదు.

ఆల్డర్‌షాట్ బ్యారక్‌లో మొదటి రాత్రే ఆ గోల, తాగుడు చూసి బెంబేలెత్తి పారిపోదామనుకున్నాడు. కానీ అంతకుముందే పారిపోయిన ఇంకొకడు ఇతని మామూలు బట్టలు ఎత్తుకుపోయాడు. యూనిఫాంలో పారిపోతే వెంటనే దొరికిపోతాడు. అలా ఉండిపోయాడు.

బ్యారక్‌లో ఉచితంగా ఇచ్చేది రోజుకు ఒక పౌను రొట్టె, ముప్పావు పౌను మాంసం. ఆ మాంసం తూకంలో ఎముకలూ కలిసే ఉంటాయి. టీ, పంచదార, కూరగాయలు, బట్టలు ఉతికించుకోవడం, పాడైన సామాను, అన్నిటికీ జీతంలోంచే కోత. గడ్డి నింపిన పరుపు. తినేదీ పడుకునేదీ ఒకే గదిలో. పెళ్లి చేసుకోవాలంటే కమాండింగ్ ఆఫీసరు అనుమతి కావాలి. అనుమతి వచ్చేది కొద్దిమందికే. అది లేకుండా చేసుకుంటే భార్యకు బ్యారక్‌లో చోటు లేదు, సైన్యం ఆమెను అసలు లెక్కలోకే తీసుకోదు.

అశ్వికదళం వాడికి కాల్బలం వాడికన్నా రోజుకు రెండు పెన్నీలు ఎక్కువ. ఆ రెండు పెన్నీలకు చేసే చాకిరీ మాత్రం చాలా ఎక్కువ. తెల్లారగానే గుర్రపుశాల. పాత గడ్డి ఊడ్చి, గుర్రాన్ని రుద్ది, నీళ్లు పట్టి, దాణా పెట్టాకే తన తిండి. మధ్యాహ్నం మళ్లీ గుర్రపుశాల, సాయంత్రం మళ్లీ. జీను, కళ్లెం, రికాబులు, బొత్తాలు, కత్తి ఒర, అన్నీ తళతళలాడాలి. కొత్తవాడికి ముందు రికాబులు లేకుండానే స్వారీ నేర్పేవారు. తొడలతో గుర్రాన్ని పట్టుకోవడం వంటబట్టేదాకా పడుతూ లేస్తూ ఉండాల్సిందే. ఆ తర్వాత కత్తి, కార్బైన్ అనే పొట్టి తుపాకీ, బల్లెం. లాన్సర్ల బల్లెం తొమ్మిది అడుగులు. 1868 నుంచి దాని కర్ర మన దేశపు వెదురు. చక్కగా వంగుతుంది, తేలిగ్గా ఉంటుంది.

ఒక మాట నొక్కి చెప్పాలి. సిపాయిగా రాబర్ట్‌సన్ గడిపిన పదకొండేళ్లలో ఒక్క యుద్ధం కూడా లేదు. ఇంగ్లండ్, ఐర్లండ్ బ్యారక్‌లలోనే గడిచిపోయింది. ఐర్లండ్‌లో భూపోరాటం జరుగుతున్న రోజులవి. అరెస్టులకు వెళ్లే అధికారులకు కాపలాగా, రైలు పెట్టె కిటికీలకు తెరలు దించుకుని వెళ్లడం లాంటి పనులు చేశాడు. అంటే రైతుల ఉద్యమాన్ని అణిచే పోలీసు పని. విక్టోరియా కాలంలో ఎంతోమంది సిపాయిల సర్వీసు ఇలాగే గడిచింది. బాలక్లావా లాంటి రోజు చూడకుండానే చాలామంది రిటైరయ్యారు.

మరి ఎలా ఎదిగాడు? 1879లో ఫిబ్రవరిలో లాన్స్ కార్పొరల్, ఏప్రిల్‌లో కార్పొరల్. 1881లో లాన్స్ సార్జెంట్. 1882 జనవరిలో సార్జెంట్. మధ్యలో ఒకసారి తన కాపలాలో ఉన్న ఖైదీ తప్పించుకుంటే మూడు వారాలు సెల్లులో వేశారు. మరొకరైతే ఆ దెబ్బతో చతికిలబడేవారు. పరుగులో, కత్తిలో, బల్లెంలో, గురిలో బహుమతులు గెలిచాడు, అది నిజమే. కానీ అసలు మలుపు 1883లో వచ్చింది. ఆ ఏడాది సైనిక విద్యా పరీక్షలో ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ సంపాదించాడు.

ఈ సర్టిఫికెట్ల సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో అవే కీలకం. మూడో తరగతి సర్టిఫికెట్ ఉంటే కార్పొరల్ కావచ్చు. రెండో తరగతి ఉంటే సార్జెంట్. కింది నుంచి ఆఫీసరు కావాలంటే మొదటి తరగతి తప్పనిసరి. ప్రతి రెజిమెంటులో ఒక స్కూల్ మాస్టర్ ఉండేవాడు. అక్షరం ముక్క రాని కుర్రాళ్లు ఎందరో ఉన్న చోట, రాయడం చదవడం ముందే వచ్చిన రాబర్ట్‌సన్ ఖాళీ దొరికినప్పుడల్లా సైనిక చరిత్ర పుస్తకాలు చదివేవాడు. 1885 మార్చిలో ట్రూప్ సార్జెంట్ మేజర్ పదవి ఎందుకు ఖాళీ అయిందో చూడండి. అంతకుముందు ఆ పదవిలో ఉన్నవాడు వైద్యం చదువుతూ వచ్చి సైన్యంలో చేరినవాడు. లెక్కలు గందరగోళం చేసి హోదా పోగొట్టుకున్నాడు, తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. జీతాల లెక్క, రేషన్ లెక్క, దాణా లెక్క, సామాను లెక్క, అన్నీ ఆ సార్జెంట్ మేజర్ నెత్తినే. ఆ టెన్షన్ తట్టుకుని పద్దులు సరిగ్గా రాయగలిగినవాడే ఆ కుర్చీలో నిలిచేవాడు.

25 ఏళ్లకే ట్రూప్ సార్జెంట్ మేజర్. ఆఫీసర్లు అతన్ని ఆఫీసరు కమ్మని ప్రోత్సహించారు. ఆ రోజుల్లో ఏడాదికి నలుగురైదుగురికి మాత్రమే దక్కే అవకాశం అది. అయినా వెనకాడాడు. కారణం పచ్చిగా డబ్బే. పదవి కొనక్కర్లేదు సరే, ఆ పదవిలో బతకడమెలా? అశ్వికదళంలో చిన్న ఆఫీసరు జీతం ఏడాదికి 120 పౌండ్లు. మెస్సు ఖర్చులు, గుర్రాలు, యూనిఫాం, పోలో, విందులు, వీటికి ఇంకో 300 పౌండ్లు సొంతంగా ఉంటే తప్ప ఇంగ్లండ్‌లో గడవదని అతనే లెక్కగట్టాడు. ఆ 300 పౌండ్లు ఒక ప్రైవేట్‌కు 14 ఏళ్ల జీతం. పదవి ధర రద్దయింది కానీ ఆ పదవిలో ఉండటానికి అయ్యే ఖర్చు రద్దు కాలేదు. 1871 సంస్కరణ గురించి రాసేవాళ్లు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

దీనికి దొరికిన దారి ఇండియా. ఇక్కడ జీతం ఎక్కువ, ఖర్చు తక్కువ. 1888 జూన్ 27న ఇండియాలో ఉన్న 3వ డ్రాగన్ గార్డ్స్ అనే బ్రిటిష్ అశ్విక రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. అప్పటికి వయసు 28. తోటి సెకండ్ లెఫ్టినెంట్లు ఇతనికన్నా ఎన్నో ఏళ్లు చిన్నవాళ్లు. యూనిఫాంలు దర్జీ అయిన తండ్రే కుట్టిచ్చాడు. మెస్సులో అందరూ వైన్ తాగుతుంటే ఇతను మంచినీళ్లు తాగేవాడు. పైపు తాగడానికి అక్కడ అనుమతి లేదు, చుట్టలు కొనే స్తోమత లేదు, కాబట్టి పొగ మానేశాడు. మధ్యాహ్నం ఎండకు మిగతావాళ్లు నిద్రపోతుంటే మున్షీలను పెట్టుకుని భాషలు నేర్చుకున్నాడు. దుబాసీ పరీక్ష పాసైతే నగదు బహుమతి ఇచ్చేవారు. ఉర్దూ, హిందీ, పర్షియన్, పష్తో, పంజాబీ, ఒక్కొక్కటీ పాసవుతూ పోయాడు. తర్వాత గూర్ఖాలీ కూడా. ఆ పట్టుదలంటే నాకు నిజంగా గౌరవం.

అయితే ఇక్కడ ఒక విషయం దాటవేస్తే అన్యాయం. ఇండియాలో ఉన్న బ్రిటిష్ రెజిమెంట్ల ఖర్చు భరించింది భారతదేశపు ఖజానా. అంటే మన పన్నులు. ఇంగ్లండ్‌లో పేదవాడు నిలవలేని ఉద్యోగంలో ఇక్కడ నిలవగలిగాడంటే, ఆ తేడాను కట్టింది ఇక్కడి రైతు. ఇంకో సంగతి. రాబర్ట్‌సన్ మెట్లెక్కుతున్న ఆ ఏళ్లలోనే భారతీయ అశ్విక దళాల్లో ఎంతో అనుభవమున్న రిసాల్దార్లు, అంటే భారతీయ అశ్విక అధికారులు, ఉండేవారు. బొల్లారం, సికింద్రాబాద్ చుట్టూ నిజాం ఖర్చుతో బ్రిటిష్ వాళ్లు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ రిసాలాలు, అంటే అశ్విక దళాలు, ఉండేవి. అక్కడి సవారు తన గుర్రాన్ని తానే తెచ్చుకుని కొలువు చేసేవాడు. అతను ఎంత ధైర్యవంతుడైనా, ఎన్ని పరీక్షలు పాసైనా రిసాల్దార్ మేజర్ హోదా దగ్గరే ఆగిపోవాలి. నిన్నగాక మొన్న వచ్చిన ఇంగ్లీషు కుర్రాడి కింద పనిచేయాలి. బ్రిటిష్ ఆఫీసర్లతో సమానమైన రాజు కమిషన్ పోరాడే దళాల్లో భారతీయులకు 1917లో గానీ దక్కలేదు. రాబర్ట్‌సన్‌కు అడ్డు వచ్చింది పేదరికం. దాన్ని చదువుతో, పొదుపుతో దాటాడు. మన రిసాల్దార్‌కు అడ్డు వచ్చింది పుట్టుక. దాన్ని దాటడానికి ఏ పరీక్షా లేదు.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, అది ఎక్కడైనా దొరుకుతుంది. భాషలు వచ్చినందువల్లే సిమ్లాలో ఇంటెలిజెన్స్ శాఖలోకి తీసుకున్నారు. 1894లో గిల్గిత్ మీదుగా 15,000 అడుగులు దాటిన దర్కోట్ కనుమ ఎక్కి పామీర్ల వైపు వెళ్లొచ్చాడు. 1895లో చిత్రాల్ దండయాత్రలో దారి చూపడానికి వెంట వచ్చినవాళ్లే దాడి చేశారు. విరేచనాలతో నీరసించి కత్తి మోయలేక ఒక గైడుకు ఇస్తే, అతను ఆ కత్తితోనే మీదపడ్డాడు. గాయపడినా రివాల్వర్‌తో వాళ్లను తరిమేశాడు. సైన్యంలో చేరిన 17 ఏళ్ల తర్వాత అతని ఒంటి మీద పడిన యుద్ధ గాయం అది. ఆఫీసర్లకు ఇచ్చే డీఎస్ఓ పతకం వచ్చింది. 1897లో కేంబర్లీ స్టాఫ్ కాలేజీలో చేరాడు. సిపాయిగా మొదలై అక్కడికి చేరినవాళ్లలో అతనే మొదటివాడు. 1915 డిసెంబరులో మొత్తం సైన్యానికి చీఫ్ ఆఫ్ ఇంపీరియల్ జనరల్ స్టాఫ్. 1920లో ఫీల్డ్ మార్షల్.

ఇక మీ మూడో ప్రశ్న. ఆఫీసరు కానివాళ్లు, అంటే నూటికి తొంభై తొమ్మిది మంది, ఏమయ్యారు? కొందరు ముందే పోయారు. శత్రువు చేతిలో కాదు, జబ్బులతో. ఇండియాలో బ్రిటిష్ సిపాయిల ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ 1863లో తేల్చిన లెక్క ప్రకారం, అంతకుముందు అర్ధశతాబ్దంలో ఏటా వెయ్యిమందికి 69 మంది చనిపోయారు. కలరా, విరేచనాలు, జ్వరాలు, కాలేయ జబ్బులు. దాని తర్వాతే బ్యారక్‌ల గాలి, నీరు, మురుగు మీద ప్రభుత్వం గట్టిగా దృష్టి పెట్టింది.

పూర్తి సర్వీసు చేసినవాడికి పెన్షన్ వచ్చేది. తక్కువ కాలానికే బయటికి వచ్చినవాడికి గుర్రాలు చూసుకోవడం తప్ప వేరే పని రాదు. కొందరు బండ్లు తోలారు, కొందరు బంగళాల్లో గుర్రాల దగ్గర కుదిరారు, కొందరు నిరుపేదలను ఉంచే వర్క్‌హౌస్‌లలో చనిపోయారు. బాలక్లావా వీరులని దేశమంతా పొగిడిన లైట్ బ్రిగేడ్‌లో బతికున్నవాళ్లలో కొందరు తిండికి లేక అల్లాడుతున్నారని తెలిసి 1890లో చందాలు వసూలు చేయాల్సి వచ్చింది. ఆ నిధి కోసమే 17వ లాన్సర్లలో బూర ఊదిన మార్టిన్ లాన్‌ఫ్రీడ్ చేత ఆ దాడి పిలుపును మళ్లీ ఊదించి, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మైనపు గొట్టం మీద రికార్డు చేశారు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ వినొచ్చు, గరగరల మధ్య బూర స్పష్టంగానే వినిపిస్తుంది.

ఇలాంటి ఒక మామూలు సిపాయి సర్వీసు మీరే తవ్వి చూడాలనుకుంటే, పెన్షన్ తీసుకున్నవాళ్ల డిశ్చార్జి కాగితాలు లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 (WO 97) అనే వరుసలో ఉన్నాయి. వాటిలో పతకాల గడి ఒక్కటే చూసి వదిలేయకండి. విద్యా సర్టిఫికెట్ ఏ తరగతి, సత్ప్రవర్తన బ్యాడ్జీలు ఎన్ని, ఎప్పుడు పోయాయి, ఆసుపత్రిలో ఎన్ని రోజులు, ఏ జబ్బుకు, శిక్షలేమైనా పడ్డాయా అన్నవి వరుసగా చూడండి. ఇద్దరు ముగ్గురి కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో చాలావరకు తేలుతుంది. కాగితాలు దొరికాక చదవడంలో ఎక్కడైనా ఇబ్బంది వస్తే ఇక్కడే అడగండి, కలిసి చూద్దాం.